ఆహార నమూనాల సేకరణ, లేబుళ్ల ప్రమాణాల అమలు: సికింద్రాబాద్ ప్రాంతంపై నేపథ్య వ్యాసం

సికింద్రాబాద్ ప్రాంతంలోని హోటళ్లు, మిఠాయి దుకాణాలు, పాల కేంద్రాలు, మసాలా తయారీ యూనిట్లలో అధికారులు జరుపుతున్న తనిఖీలపై పత్రికలలో తరచుగా వార్తలు వెలువడుతున్నాయి. ఈ వార్తలలో అత్యధిక భాగం "కల్తీ" అనే ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటున్నాయి. చట్టంలో మాత్రం నాసిరకం ఆహారం, తప్పుడు లేబులు గల ఆహారం, సురక్షితం కాని ఆహారం వేర్వేరు నేరాలు. వాటి విచారణ వేర్వేరు అధికారుల ఎదుట జరుగుతుంది, వాటికి విధించే శిక్షలూ వేర్వేరు. కొవ్వు శాతం తగ్గిన పాలను విషం కలిపిన పాలుగా రాస్తే ఒక వ్యాపారి జీవనాధారం దెబ్బతింటుంది. హానికరమైన రంగు కలిపిన కారాన్ని కేవలం లేబులు లోపంగా రాస్తే దానిని తినేవారి ఆరోగ్యం దెబ్బతింటుంది. నమూనా సేకరణ మొదలుకొని తీర్పు వరకు జరిగే ప్రక్రియను పాత్రికేయుల, అధికారుల సమాచారార్థం ఈ దిగువ వివరించడమైనది.

పరిధుల విషయం

సికింద్రాబాద్‌లో ఆహార తనిఖీ ఏ శాఖ బాధ్యత అన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. సికింద్రాబాద్ పురపాలక వ్యవస్థ 1960లో హైదరాబాద్ నగర పాలక సంస్థలో విలీనమైంది. 2007 ఏప్రిల్ 16న బృహత్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఏర్పడింది. కంటోన్మెంటు ప్రాంతం ప్రత్యేక బోర్డు పాలనలో కొనసాగింది. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం "స్థానిక సంస్థ" అన్న పదాన్ని నిర్వచిస్తూ మునిసిపాలిటీతో పాటు కంటోన్మెంటు అధికార సంస్థను కూడా విడిగా పేర్కొన్నది. అందువలన ఆ రోజులలో ఒకే రోడ్డుకు ఇరువైపులా ఉన్న రెండు దుకాణాలు రెండు వేర్వేరు సంస్థల పరిధిలోకి రావడం ఈ ఊరిలో వింతేమీ కాదు.

మూడవది రైల్వే. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు సికింద్రాబాద్ ప్రధాన కేంద్రం. స్టేషను ఆవరణలోని స్టాళ్లు, రైళ్లలో విక్రయించే ఆహారం రైల్వే శాఖ తరఫున నియమితులైన ఆహార భద్రతా అధికారుల తనిఖీ పరిధిలోకి వస్తాయి. స్టేషను గేటు దాటి రోడ్డు మీదకు వస్తే రాష్ట్ర యంత్రాంగం బాధ్యత ఆరంభమవుతుంది. ప్రయాణికులు ఫిర్యాదు చేసేటప్పుడు, పాత్రికేయులు వివరణ కోరేటప్పుడు ఈ తేడాను గమనించడం అవసరం. గేటుకు ఏ వైపున కొన్నదీ తెలియని ఫిర్యాదు ముందుగా శాఖల మధ్యనే తిరుగుతుంది.

పరీక్షల విషయంలో ఈ ప్రాంతానికి సౌలభ్యం ఉన్నది. రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో ఆహార పాలన వ్యవహారాలు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌తో ముడిపడి సాగాయి. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉన్నది.

పాత చట్టం నేర్పిన పాఠాలు

ఆంధ్ర జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో 1918 నాటి మద్రాసు కల్తీ నిరోధక చట్టం ఉండేది. ఇటువంటి ప్రాంతీయ చట్టాలన్నిటి స్థానంలో 1954 నాటి కేంద్ర చట్టం 1955 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఫుడ్ ఇన్‌స్పెక్టరు సాక్షుల సమక్షంలో నమూనా కొని, మూడు భాగాలు చేసి, సీలు వేసి, ఒక భాగాన్ని పబ్లిక్ అనలిస్టుకు పంపేవారు. మిగిలిన రెండు భాగాలు స్థానిక ఆరోగ్య అధికారి వద్ద ఉండేవి. అనలిస్టు నివేదికకు నిబంధనలు 40 రోజుల గడువు ఇచ్చాయి. నివేదికతో విభేదించే నిందితుడు రెండవ భాగాన్ని కేంద్ర ఆహార ప్రయోగశాలకు పంపవలసిందిగా కోర్టును కోరవచ్చు. అటువంటి ప్రయోగశాలలు కలకత్తా, ఘజియాబాద్, మైసూరు, పుణెలలో ఉండేవి.

ఆ చట్టం పలు నేరాలకు కనీసం 6 నెలల జైలు శిక్షను నిర్దేశించింది. ఆచరణలో ఈ కాఠిన్యమే సమస్యగా పరిణమించింది. చిన్న దుకాణదారునికి కూడా జైలు తప్పని కేసులో ప్రతి సంతకాన్నీ, ప్రతి సీలునూ, ప్రతి తేదీనీ న్యాయస్థానాలు నిశితంగా పరిశీలించాయి. సీసా పొడిగా ఉన్నదని పంచనామాలో రాయకపోవడం, సాక్షి ఎదురు తిరగడం, నివేదిక ప్రతి నిందితునికి ఆలస్యంగా చేరడం వంటి కారణాలతో ఎన్నో కేసులు వీగిపోయాయి. నమూనా తీసిన అధికారి పదవీ విరమణ చేసిన తర్వాత సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు వెళ్లడం ఆ తరం ఉద్యోగులకు సుపరిచితమైన అనుభవం.

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో ఆమోదం పొందినది. దాని నియమ నిబంధనలు 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చాయి. ఫుడ్ ఇన్‌స్పెక్టరు స్థానంలో ఆహార భద్రతా అధికారి, పబ్లిక్ అనలిస్టు స్థానంలో ఫుడ్ అనలిస్టు వచ్చారు. జిల్లా స్థాయిలో డెసిగ్నేటెడ్ అధికారి, రాష్ట్ర స్థాయిలో ఆహార భద్రతా కమిషనరు ఉంటారు.

నాలుగు భాగాల నమూనా

నమూనా తీసే అధికారి మొదట వ్యాపారికి నిర్ణీత నమూనాలో నోటీసు ఇవ్వాలి. ఆ సరుకును మార్కెట్లో సాధారణంగా విక్రయించే ధర చెల్లించాలి. ధర చెల్లించిన రసీదు కూడా కేసు రికార్డులో భాగమే. అనంతరం సరుకును నాలుగు భాగాలు చేసి, విడివిడిగా సీసాలలోగాని ప్యాకెట్లలోగాని ఉంచి, కాగితం చుట్టి, దారం కట్టి, లక్కతో సీలు వేసి, కోడ్ నంబరు గల చీటీ అతికించాలి. చుట్టిన కాగితంపైన, చీటీపైన వ్యాపారి సంతకం పడే విధంగా తీసుకోవడం నియమం. ఒక భాగం ఆ మరుసటి పని దినంలోగా ఫుడ్ అనలిస్టుకు చేరవలసి ఉన్నది. రెండు భాగాలు డెసిగ్నేటెడ్ అధికారి వద్ద భద్రపరచబడతాయి.

నాలుగవ భాగం కొత్త చట్టం తెచ్చిన మార్పు. వ్యాపారి కోరిన పక్షంలో ఆయన ఖర్చుతో ఆ భాగాన్ని గుర్తింపు పొందిన మరొక ప్రయోగశాలకు పంపాలి. ఆ నివేదిక, అనలిస్టు నివేదిక పరస్పరం విభేదిస్తే, డెసిగ్నేటెడ్ అధికారి తన వద్ద ఉన్న ఒక భాగాన్ని రెఫరల్ ప్రయోగశాలకు పంపుతారు. దాని నిర్ణయమే తుది నిర్ణయం. ఈ హక్కును చాలామంది చిన్న వ్యాపారులు ఉపయోగించుకోవడం లేదు. నోటీసు చదవకుండానే సంతకం చేస్తున్నారు. నమూనా తీసే సమయంలోనే అధికారి ఈ విషయాన్ని తెలుగులోగాని, ఉర్దూలోగాని, హిందీలోగాని నోటితో వివరిస్తే తర్వాతి వివాదాలు సగం తగ్గుతాయి.

అనలిస్టు నివేదికకు గడువు 14 రోజులు. దానిపై 30 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు. ఈ గడువులు కారం, పసుపు, నూనె వంటి నిలవ ఉండే సరుకులకు సరిపోతాయి. బిర్యానీ, మాంసం, పెరుగు, కోసిన పండ్ల విషయంలో సమస్య వేరు. సూక్ష్మజీవుల పరీక్షకు ఉద్దేశించిన నమూనాను శుభ్రపరచిన పాత్రలో తీసి చల్లదనం తప్పకుండా ప్రయోగశాలకు చేర్చాలి. రసాయన పరీక్ష కోసం పాలలో కలిపే ఫార్మలిన్ ఇక్కడ పనికిరాదు, అది సూక్ష్మజీవులను నశింపజేస్తుంది. పైగా నివేదిక వచ్చేనాటికి ఆ వంటకం ఎప్పుడో అమ్ముడైపోయి ఉంటుంది. వండిన ఆహారం విషయంలో నమూనా కంటే వంటగది తనిఖీకే ఎక్కువ విలువ ఉన్నది. శీతల పెట్టెలోని ఉష్ణోగ్రత, పచ్చి మాంసం, వండిన మాంసం పక్కపక్కన ఉండటం, మళ్లీమళ్లీ కాచిన నూనె వంటివి అక్కడికక్కడే తెలిసిపోతాయి. వేపుడు నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం మించితే దానిని వాడరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. చేతిలో పట్టుకునే పరికరంతో దీనిని కొద్ది నిమిషాలలో పరీక్షించవచ్చు.

నమూనాలలోనూ రెండు రకాలు ఉన్నాయని పాత్రికేయులు గమనించగలరు. పైన తెలిపిన విధానంలో నోటీసుతో తీసినది చట్టబద్ధ నమూనా. మార్కెట్ పరిస్థితి తెలుసుకోవడానికి సాధారణంగా కొని పరీక్షించేది నిఘా నమూనా. నిఘా నమూనా విఫలమైతే దాని ఆధారంగా నేరుగా కేసు పెట్టడానికి వీలు లేదు. అధికారి తిరిగి వెళ్లి చట్టబద్ధంగా నమూనా తీయాలి. సంచార ప్రయోగశాల వాహనాల వద్ద జరిగే పరీక్షలు కూడా ప్రాథమిక సూచనలు మాత్రమే. "నమూనాలు విఫలం" అన్న శీర్షిక పెట్టే ముందు అవి ఏ రకం నమూనాలని విచారించడం ఉచితం.

పాల సర్వే చెప్పినది

పై వర్గీకరణ ఎంత ముఖ్యమో జాతీయ పాల సర్వే స్పష్టం చేస్తుంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశవ్యాప్తంగా 1,103 పట్టణాలు, నగరాల నుంచి 6,432 పాల నమూనాలను సేకరింపజేసి, 2019 అక్టోబరులో ఫలితాలను వెల్లడించింది. వాటిలో కల్తీ అని తేలినవి కేవలం 12. హైడ్రోజన్ పెరాక్సైడ్, డిటర్జెంట్లు, యూరియా, న్యూట్రలైజర్లు వీటిలో బయటపడ్డాయి. అయితే ఆ 12లో 9 తెలంగాణ నుంచి తీసినవే. మధ్యప్రదేశ్‌వి 2, కేరళది 1.

మొత్తం దేశంలో పన్నెండే కదా అని తృప్తి చెందడానికి వీలు లేదు. 368 నమూనాలలో, అంటే 5.7 శాతంలో, అఫ్లటాక్సిన్ ఎం1 అనే విష పదార్థం పరిమితికి మించి ఉన్నది. ఇది ఎవరో కలిపినది కాదు. బూజు పట్టిన దాణా తిన్న పశువు నుంచి పాలలోకి వస్తుంది. 77 నమూనాలలో యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితి దాటాయి. మరొక వైపు, దాదాపు 41 శాతం నమూనాలు సురక్షితమే అయినప్పటికీ కొవ్వు, ఇతర ఘన పదార్థాలు వంటి ఏదో ఒక నాణ్యత ప్రమాణానికి తగ్గాయి. ఈ 41 శాతం చట్టం దృష్టిలో నాసిరకం. అఫ్లటాక్సిన్ గల పాలు సురక్షితం కానివి. నీళ్లు కలిపిన పాలవాడిని పట్టుకోవడం సులభం, దాణా గిడ్డంగిలోని బూజును పట్టుకోవడం కష్టం. ఆరోగ్యానికి ఎక్కువ ముప్పు రెండవదానితోనే.

మసాలాల పరిస్థితి ఇందుకు భిన్నం. కారం పొడిలో, పసుపులో కృత్రిమ రంగు ఏ మోతాదులోనూ అనుమతింపబడలేదు. 2003లో భారత దేశం నుంచి వెళ్లిన కారంలో సూడాన్ రంగు ఐరోపాలో బయటపడినప్పుడు ఎగుమతులపై పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. 2005లో బ్రిటన్‌లో అదే రంగు కారణంగా వందలాది రకాల తయారీ ఆహారాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. మిరపకు పేరుపడిన గుంటూరు గల తెలుగు నేలకు ఇది ప్రతిష్ఠకు సంబంధించిన విషయం. విదేశీ కొనుగోలుదారుకు లభించే ఆ పరీక్ష మోండా మార్కెట్ కొనుగోలుదారుకు కూడా లభించేలా చూడటమే నమూనా సేకరణ ఉద్దేశం.

లేబులుపై ఏముండాలి

2011 నిబంధనల స్థానంలో 2020 నాటి లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనలు వచ్చాయి. వీటి ప్రకారం ప్యాకెట్‌పై ఆహారం పేరు, బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు పేర్చిన దినుసుల జాబితా, పోషక విలువలు, శాకాహార లేదా మాంసాహార గుర్తు, కలిపిన రంగులు, నిల్వ పదార్థాలు, తయారీదారు పూర్తి చిరునామా, నికర పరిమాణం, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి. చతురస్రంలో ఆకుపచ్చ చుక్క 2001 నుంచి ఇంటింటికీ పరిచయమైనదే. మాంసాహారానికి ఒకప్పటి గోధుమ రంగు చుక్క స్థానంలో ఇప్పుడు గోధుమ రంగు త్రిభుజం వాడాలి. రంగులను గుర్తించలేని వారికి సైతం ఆకారాన్ని బట్టి తెలియాలన్నదే ఈ మార్పులోని ఉద్దేశం.

14 అంకెల లైసెన్సు సంఖ్యను చదవడం తెలిస్తే ప్యాకెట్ గురించి చాలా విషయాలు బోధపడతాయి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారి రిజిస్ట్రేషను. తర్వాతి రెండు అంకెలు రాష్ట్ర సంకేతం. తెలంగాణకు 36, కేంద్ర లైసెన్సులకు 00. ఆ తర్వాతి రెండు అంకెలు లైసెన్సు ఇచ్చిన సంవత్సరాన్ని సూచిస్తాయి. సికింద్రాబాద్ చిరునామా ముద్రించి వేరే రాష్ట్రపు సంకేతం గల సంఖ్య వేసిన ప్యాకెట్ కనిపిస్తే విచారించవలసిందే. 2022 జనవరి 1 నుంచి ఈ సంఖ్యను బిల్లులపై కూడా ముద్రించడం తప్పనిసరి అయినది.

భాష విషయం ప్రత్యేకంగా పేర్కొనదగినది. లేబులు ఇంగ్లీషులోగాని దేవనాగరి లిపిలో హిందీలోగాని ఉండాలని నిబంధన. తెలుగు అదనంగా వేయవచ్చునే కాని తప్పనిసరి కాదు. తెలుగు మాత్రమే చదవగల గృహిణికి గడువు తేదీ తప్ప మిగిలిన లేబులంతా అలంకారమే. నిబంధన ఇట్లు ఉన్నప్పటికీ తెలుగులో వివరాలు ముద్రించడానికి తయారీదారులకు అడ్డు ఏదీ లేదు.

విడిగా తూచి అమ్మే మిఠాయిలకు లేబులు ఉండదు. కనుకనే 2020 అక్టోబరు 1 నుంచి పళ్లెం వద్ద "ఈ తేదీలోగా వాడదగినది" అన్న సూచిక ఉంచాలని ఆదేశించబడింది. పాల మిఠాయిలు త్వరగా చెడిపోతాయి, పండుగల రోజులలో అవే ఎక్కువగా అమ్ముడవుతాయి. బరువు, గరిష్ఠ చిల్లర ధర వంటి అంశాలు ఆహార భద్రతా శాఖ పరిధిలోకి రావు. అవి 2009 నాటి తూనికలు, కొలతల చట్టం, 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల కింద తూనికలు, కొలతల శాఖ చూసుకునేవి. ఒకే ప్యాకెట్‌పై రెండు శాఖలు రెండు కేసులు నమోదు చేయడం సాధ్యమే.

ఒక పదంపై సాగిన పోరాటం

లేబులుపై ఒక్క పదం ఎంత ప్రమాదకరమో హైదరాబాద్ నుంచే దేశానికి తెలిసివచ్చింది. అతిసారంతో నీరసించిన పిల్లలకు ఇచ్చే ఓఆర్‌ఎస్ ద్రావణానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఉన్నది. లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మందుల దుకాణాలలో ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పేరులో కలుపుకొని విక్రయించిన పండ్ల రుచి పానీయాలలో చక్కెర ఇంతకు అనేక రెట్లు ఉండేది. అతిసారంలో అధిక చక్కెర పేగులలోకి నీటిని లాగి విరేచనాలను మరింత పెంచుతుంది. మందు అనుకొని కొన్న తల్లిదండ్రులకు ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ అంశంపై ఎనిమిదేళ్లకు పైగా పోరాడారు, తెలంగాణ హైకోర్టును కూడా ఆశ్రయించారు. 2022లో ఒకసారి నిషేధం విధించిన కేంద్ర సంస్థ, అదే ఏడాది జూలై 14న "ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ సూత్రం కాదు" అన్న హెచ్చరికతో ఆ పేరును వాడుకోవడానికి వీలు కల్పించింది. 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని పూర్తిగా ఉపసంహరించింది. పేరుకు ముందుగాని వెనుకగాని, ట్రేడ్‌మార్కులో భాగంగాగాని ఆ అక్షరాలను వాడరాదని, వాడితే తప్పుడు లేబులుగా పరిగణింపబడుతుందని స్పష్టం చేసింది. డబ్బా వెనుక చిన్న అక్షరాలలో వేసిన హెచ్చరిక ముందు వైపు పెద్ద అక్షరాలలో ఉన్న పేరును రద్దు చేయలేదని గ్రహించడానికి మూడేళ్లకు పైగా పట్టినది.

నిషేధాధికారం, శిక్షలు

ప్రజారోగ్యం దృష్ట్యా ఏదైనా ఆహారాన్ని రాష్ట్రమంతటా లేదా కొంత ప్రాంతంలో ఏడాదికి మించకుండా నిషేధించే అధికారం చట్టం 30వ సెక్షను కింద ఆహార భద్రతా కమిషనరుకు ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2013 జనవరిలో గుట్కాను నిషేధించినది ఈ విధంగానే. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిన్న అనంతరం ఒక మహిళ మరణించగా పలువురు అస్వస్థులయ్యారు. అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయొనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. కేరళ 2023లోనూ, తమిళనాడు 2025లోనూ ఇదే విధమైన చర్య గైకొన్నాయి. పాశ్చరైజ్ చేయని గుడ్డులోని సాల్మొనెల్లా గది ఉష్ణోగ్రతలో గంటలలోనే వృద్ధి చెందుతుంది. ఇటువంటి ఆహారానికి నమూనా తీసి నివేదిక కోసం 14 రోజులు ఎదురుచూడటం కంటే ముందస్తు నిషేధమే సముచితమని ప్రభుత్వం భావించడం సహేతుకం.

నాసిరకం ఆహారానికి 2006 చట్టం 5 లక్షల రూపాయల వరకు, తప్పుడు లేబులుకు 3 లక్షల వరకు, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు జరిమానా నిర్దేశించింది. ఇవి అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని న్యాయ నిర్ణయాధికారి ఎదుట తేలుతాయి. వీటికి జైలు లేదు. సురక్షితం కాని ఆహారం కేసు మాత్రం క్రిమినల్ కోర్టుకు వెళుతుంది. మరణం సంభవిస్తే కనీసం 7 సంవత్సరాల నుంచి యావజ్జీవం వరకు శిక్ష, 10 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా విధించవచ్చు. సాధారణంగా ఏడాది గడిచిన నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించదు, కమిషనరు కారణాలు నమోదు చేసి అనుమతిస్తే మూడేళ్ల వరకు గడువు పెరుగుతుంది.

పోలీసులు భారత శిక్షాస్మృతి 272, 273 సెక్షన్ల కింద కూడా ఇటువంటి కేసులు నమోదు చేసేవారు. సురక్షితం కాని ఆహారం విషయంలో ప్రత్యేక చట్టపు 59వ సెక్షనే వర్తిస్తుందని, శిక్షాస్మృతి కింద సమాంతరంగా విచారించడం చెల్లదని 2024 ఫిబ్రవరిలో రామ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. సరుకును పట్టుకున్నది పోలీసులైనా, చట్టబద్ధ నమూనా ఆహార భద్రతా అధికారి చేతి మీదుగా తీయించకపోతే కేసు కోర్టులో నిలవడం కష్టం. రెండు శాఖలు కలిసి దాడులు జరిపే సందర్భాలలో ఈ తీర్పును దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది.

కొనుగోలుదారుని నమూనా

నమూనా పరీక్షింపజేసే హక్కు అధికారులకు మాత్రమే పరిమితం కాదు. చట్టం 40వ సెక్షను ప్రకారం ఏ కొనుగోలుదారు అయినా నిర్ణీత రుసుము చెల్లించి తాను కొన్న ఆహారాన్ని ఫుడ్ అనలిస్టు చేత పరీక్షింపజేసుకోవచ్చు. అయితే కొనే సమయంలోనే ఈ ఉద్దేశాన్ని దుకాణదారుకు తెలియజేయాలి. నివేదికలో ఉల్లంఘన తేలితే చెల్లించిన రుసుము తిరిగి ఇవ్వబడుతుంది, అనలిస్టు తదుపరి చర్య కోసం డెసిగ్నేటెడ్ అధికారికి తెలియజేస్తారు. ఫిర్యాదులను కేంద్ర సంస్థ టోల్ ఫ్రీ నంబరు 1800112100కు కూడా తెలుపవచ్చు. ఫిర్యాదు చేసేవారు బిల్లును, ఖాళీ ప్యాకెట్‌ను పారవేయక భద్రపరచవలసి ఉంటుంది. బ్యాచ్ నంబరు లేనిదే అదే సరుకును మరొక దుకాణంలో గుర్తించి నమూనా తీయడం అధికారులకు సాధ్యపడదు.